గన్నవరం నుంచి విశాఖపట్నానికి విమానంలో: దూరం, ప్రయాణ సమయం – తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు ప్రాంతాల నుంచి విశాఖపట్నానికి విమానంలో వెళ్లాలనుకునే వారికి సాధారణంగా వచ్చే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. దూరాలన్నీ విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలను బట్టి లెక్క కట్టినవి. విమానాల వేళలు, సర్వీసుల సంఖ్య సీజన్‌ను బట్టి మారుతుంటాయి కనుక వాటిని ఇక్కడ ఇవ్వడం లేదు.

గన్నవరం, విశాఖపట్నం విమానాశ్రయాల మధ్య దూరం ఎంత?

గన్నవరంలోని విజయవాడ విమానాశ్రయానికీ విశాఖపట్నం విమానాశ్రయానికీ మధ్య ఆకాశమార్గాన సూటి దూరం సుమారు 290 కిలోమీటర్లు. ఇదే దూరం మైళ్లలో 180, నాటికల్ మైళ్లలో 157 అవుతుంది. ఒక సైటులో 290 అని, మరో సైటులో 157 అని కనిపిస్తే కంగారు పడనక్కర లేదు. పైలట్లు, కంట్రోలర్లు వాడే నాటికల్ మైలు 1,852 మీటర్లు కాబట్టి అంకె చిన్నదిగా కనిపిస్తుంది తప్ప దూరం మారదు. టికెట్ బుక్ చేసేటప్పుడు విజయవాడకు వీజీఏ, విశాఖకు వీటీజెడ్ అనే కోడ్‌లు ఉంటాయి.

ఈ దూరాన్ని సొంతంగా లెక్క కట్టుకోవచ్చా?

కట్టుకోవచ్చు, పదో తరగతి లెక్కలు వస్తే చాలు. గన్నవరం విమానాశ్రయం ఉత్తర అక్షాంశం 16.53 డిగ్రీలు, తూర్పు రేఖాంశం 80.80 డిగ్రీల వద్ద ఉంది. విశాఖ విమానాశ్రయం 17.72, 83.22 డిగ్రీల వద్ద ఉంది. అక్షాంశాల తేడా 1.19 డిగ్రీలు. ఒక్కో అక్షాంశ డిగ్రీ మన ప్రాంతంలో సుమారు 110.7 కిలోమీటర్లు కాబట్టి విశాఖ మనకు ఉత్తరంగా 132 కిలోమీటర్లు ఎగువన ఉందన్నమాట. రేఖాంశాల తేడా కొంచెం కచ్చితంగా తీసుకుంటే 2.43 డిగ్రీలు. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయే కొద్దీ దగ్గరవుతాయి కనుక 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఒక్కో డిగ్రీ 106.4 కిలోమీటర్లే ఉంటుంది. ఆ లెక్కన విశాఖ మనకు తూర్పుగా 258 కిలోమీటర్లు. ఇక 132, 258 భుజాలుగా లంబకోణ త్రిభుజం గీసి కర్ణం కనుక్కుంటే 290 వస్తుంది. భూమి గుండ్రంగా ఉంది కదా, పైథాగరస్ ఇక్కడ పనికొస్తుందా అని అడిగేవారు ఉంటారు. ఢిల్లీ నుంచి అమెరికాకు వెళ్లే దారికి పనికిరాదు కానీ ఇంత తక్కువ దూరంలో వచ్చే తేడా లెక్కలోకి రాదు.

రోడ్డు, రైలు దూరంతో పోలిస్తే విమానం ఎంత దగ్గర దారి?

చాలామంది అనుకునేంత దగ్గర దారి కాదు. విజయవాడ నుంచి విశాఖకు రైలు మార్గం 350 కిలోమీటర్లు, రోడ్డు కూడా దాదాపు అంతే. ఈ అంకెను 290తో పోల్చి అరవై కిలోమీటర్లు కలిసొచ్చాయని అనుకోవడం సరికాదు. గన్నవరం విజయవాడకు ఇరవై కిలోమీటర్ల దూరంలో, అదీ విశాఖకు వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి మీదే ఉంది. విశాఖ విమానాశ్రయం కూడా నగరానికి ఇవతలే, అదే రహదారి పక్కన ఉంది. అంటే ఒక విమానాశ్రయం గేటు నుంచి మరో విమానాశ్రయం గేటుకు రోడ్డున వెళ్లినా సుమారు 320 కిలోమీటర్లే. ఆకాశంలో కలిసొచ్చేది పట్టుమని ముప్పై కిలోమీటర్లు.

పటం మీద రెండు విమానాశ్రయాలను కలుపుతూ స్కేలుతో గీత గీస్తే కారణం తెలుస్తుంది. ఆ గీత ఏలూరును ఆనుకొని, కొవ్వూరు దగ్గర గోదావరి దాటి, రాజమహేంద్రవరం, తుని, ఎలమంచిలి మీదుగా పోతుంది. ఇంచుమించు పాత మద్రాసు–కలకత్తా రైలు దారి అదే. కోస్తా మైదానం తూర్పు కనుమలకూ సముద్రానికీ నడుమ ఇరుకుగా సాగుతుంది కాబట్టి రైలైనా, రోడ్డైనా ఇంచుమించు ఈ గీత వరుసలోనే నడవాలి.

విమానం నిజంగా 290 కిలోమీటర్లే ఎగురుతుందా?

ఎగరదు, ఎప్పుడూ కొంత ఎక్కువే ఎగురుతుంది. గన్నవరం రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది, దాని పేరు 08/26 (ఉత్తరం నుంచి సుమారు 80, 260 డిగ్రీల దిశలని అర్థం). విశాఖ వైపు దిశ ఈశాన్యంగా, ఉత్తరం నుంచి 63 డిగ్రీలు. గాలి తూర్పు నుంచి వీస్తున్నప్పుడు విమానం తూర్పుకే టేకాఫ్ తీసుకుని కాస్త ఎడమకు ఒరిగితే దారిలో పడుతుంది. గాలి పడమటి నుంచి వీచే రోజుల్లో విజయవాడ వైపు ఎగిరి వెనక్కి తిరగాలి, దానికే పది, పదిహేను కిలోమీటర్లు ఖర్చవుతాయి. విశాఖలోనూ ఇదే తంతు. అక్కడి రన్‌వే 10/28. మనం వెళ్లేది నైరుతి నుంచి కాబట్టి, సముద్రం వైపు నుంచి దిగాల్సి వచ్చినప్పుడు విమానం ఊరిని దాటి నీళ్ల మీదికి పోయి వెనక్కి తిరిగి రావాలి. విశాఖ కిటికీలోంచి కనిపించాక కూడా పది నిమిషాల వరకు దిగకపోవడానికి కారణం ఎక్కువసార్లు ఇదే. పైగా ఆ రన్‌వే నౌకాదళానిది. ఐఎన్‌ఎస్ డేగా స్థావరంలో పౌర విమానాలకు కేటాయించిన భాగాన్నే మనం విశాఖ విమానాశ్రయం అంటున్నాం. నేవీ విమానాల రాకపోకల మధ్య వంతు కోసం ఆగాల్సి రావడం అక్కడ మామూలే.

ప్రయాణానికి ఎంత సమయం పడుతుంది?

టికెట్ మీద సాధారణంగా గంట నుంచి గంటా పది నిమిషాలని ఉంటుంది. ఇందులో గాలిలో ఉండేది ముప్పావు గంట. మిగతాది నేల మీద గడుస్తుంది. టికెట్ మీద రాసే సమయం చక్రాలు నేల విడిచినప్పటి నుంచి లెక్కించేది కాదు. విమానం నిలిపిన చోటు నుంచి కదిలినప్పుడు మొదలై, విశాఖలో నిలపాల్సిన చోట ఆగినప్పుడు ముగుస్తుంది. దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే చివరికి నెమ్మదిగా నడవడం, అనుమతి కోసం ఆగడం, దిగాక టెర్మినల్ దాకా రావడం అన్నీ అందులో భాగమే. విమానయాన సంస్థలు దీనికి కొంత వెసులుబాటు కూడా కలుపుకుంటాయి, అందుకే పది నిమిషాలు ఆలస్యంగా బయలుదేరిన విమానం వేళకే చేరుతుంది.

జెట్ విమానమైతే ఏటీఆర్ కంటే చాలా త్వరగా చేరుస్తుందా?

ఈ దారిలో చేర్చదు. ఏటీఆర్ 72 పంకాలతో నడిచే విమానం, గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఎయిర్‌బస్ ఎ320 గంటకు 830 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగలదు. వేగాల తేడా చూసి సమయం సగానికి దగ్గరగా తగ్గుతుందని ఆశించడం సహజం. కానీ ఆ వేగం పైఎత్తుకు చేరాక వచ్చేది. 24,000 అడుగుల ఎత్తు నుంచి సాఫీగా దిగాలంటే ప్రతి వెయ్యి అడుగులకు మూడు నాటికల్ మైళ్లు కావాలన్నది పైలట్ల మోటు లెక్క. ఆ ప్రకారం దిగడానికే 130 కిలోమీటర్లు ముందు నుంచి సిద్ధపడాలి. ఎక్కడానికి ఇంకో 110, 120 కిలోమీటర్లు పోతాయి. 290లోంచి రెండూ తీసేస్తే పూర్తి వేగంతో పోవడానికి మిగిలేది దాదాపు 40 కిలోమీటర్లు. విజయవాడలో బెంజి సర్కిల్‌కూ రామవరప్పాడు రింగుకూ మధ్య ఖరీదైన కారు తోలడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. చివరికి జెట్ వల్ల కలిసొచ్చేది అయిదు నుంచి పది నిమిషాలు. నూట ఎనభై సీట్ల జెట్ నుంచి జనం దిగి బ్యాగులు బెల్టు మీదికి వచ్చేసరికి ఆ పది నిమిషాలూ పోవచ్చు కూడా. ఏటీఆర్‌లో మాత్రం పైన సామాను పెట్టుకునే అరలు చిన్నవి. గట్టి పెట్టెను చేతి సామానుగా తీసుకెళ్లేవారు దాని కొలతలు ముందే చూసుకోవాలి.

వెళ్లేటప్పటికీ వచ్చేటప్పటికీ సమయంలో తేడా ఉంటుందా?

గాలి వల్ల కొద్దిగా ఉంటుంది. గంటకు 40 కిలోమీటర్ల గాలి వెనక నుంచి తోస్తే, 500 వేగంతో పోయే విమానం నేల మీద లెక్కకు 540 వేగంతో పోతుంది. అదే గాలి ఎదురైతే 460కి తగ్గుతుంది. 290 కిలోమీటర్లకు మొదటిది 32 నిమిషాలు, రెండోది 38 నిమిషాలు. నైరుతి రుతుపవనాల కాలంలో ఏటీఆర్ ఎగిరే ఎత్తుల్లో పడమటి గాలులు బలంగా ఉంటాయి కాబట్టి విశాఖకు వెళ్లేటప్పుడు రెండు మూడు నిమిషాలు కలిసొచ్చి, తిరిగి వచ్చేటప్పుడు అంతే పోతాయి.

ఇంటి నుంచి ఇంటికి లెక్క వేస్తే మొత్తం ఎంత?

ఈ ప్రయాణంలో అసలు ప్రశ్న ఇదే. బెంజి సర్కిల్ దగ్గర ఇల్లున్న మనిషిని తీసుకుందాం. రామవరప్పాడు రింగు, ఎనికేపాడు, నిడమానూరు, కేసరపల్లి మీదుగా గన్నవరం చేరడానికి నలభై నిమిషాలు పడుతుంది. సాయంత్రం కాలేజీ బస్సులు రోడ్డెక్కే వేళ గంట అనుకోవడం మేలు. దేశీయ విమానాలకు చెక్-ఇన్ కౌంటర్లు సాధారణంగా బయలుదేరే వేళకు గంట ముందు మూసేస్తారు కాబట్టి గంటన్నర ముందు అక్కడ ఉండాలి. బ్లాక్ టైమ్ గంటా అయిదు నిమిషాలు. దిగాక బ్యాగు కోసం ఇరవై నిమిషాలు, అక్కడి నుంచి విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరికి అరగంట. మొత్తం నాలుగు గంటలు దాటుతుంది. గాలిలో ఉన్న ముప్పావు గంట ఇందులో అయిదో వంతు కూడా కాదు.

వందే భారత్ రైలు విజయవాడ నుంచి విశాఖకు నాలుగున్నర గంటల చుట్టూ తీసుకుంటుంది. స్టేషన్‌కు చేరడం, దిగాక ఇల్లు చేరడం కలిపితే అయిదుంపావు. కాబట్టి విజయవాడ నగరవాసికి విమానం వల్ల మిగిలేది గంట. రత్నాచల్ లాంటి పగటి రైలు ఆరు గంటల దాకా తీసుకుంటుంది కనుక దానితో పోలిస్తే రెండున్నర గంటలు మిగులుతుంది. కారులో ఆరు నుంచి ఏడు గంటలు, బస్సులో ఇంకాస్త ఎక్కువ. ఆ గంట కోసం ఎంత ఇవ్వవచ్చన్నది ఎవరి అవసరాన్ని బట్టి వారు తేల్చుకోవాల్సిందే. ఉదయం వెళ్లి పని చూసుకుని రాత్రికి ఇంట్లో ఉండాలనుకునేవారికి, విమానం వేళలు కుదిరితే దానికి సాటి లేదు. కుటుంబమంతా పెట్టెలతో, ముసలివాళ్లతో పెళ్లికి వెళ్తుంటే రైలే సుఖమని మా అభిప్రాయం.

విశాఖలో దిగాల్సిన చోటు కూడా చూసుకోవాలి. గాజువాక, స్టీలు ప్లాంటు వైపు వెళ్లేవారికి విమానాశ్రయం బాగా దగ్గర. అయితే దువ్వాడలో ఆగే రైలు దొరికితే ఆ లాభం రైలుకూ ఉంటుంది.

గుంటూరు నుంచి బయలుదేరేవారికి లెక్క ఎలా మారుతుంది?

గుంటూరు నుంచి గన్నవరం సుమారు 55 కిలోమీటర్లు. కాజ టోల్‌గేటు, మంగళగిరి, కనకదుర్గ వారధి దాటి, విజయవాడ నగరం అడ్డంగా దాటాకే గన్నవరం రోడ్డు దొరుకుతుంది. గంటన్నర చేతిలో ఉంచుకోవాలి. అప్పుడు మొత్తం ప్రయాణం అయిదు గంటలకు చేరుతుంది. కాజ దగ్గర మొదలై చిన్న అవుటపల్లి దగ్గర కలిసే వెస్ట్ బైపాస్ ఉద్దేశం ఇదే: గుంటూరు వైపు బండి బెంజి సర్కిల్ ముఖం చూడకుండా గన్నవరం చేరడం. ఊళ్లో నుంచి ఎక్కి కదలకుండా విశాఖలో దిగాలనుకునేవారికి గుంటూరులోనే బయలుదేరే సింహాద్రి ఎక్స్‌ప్రెస్ ఉంది. అది నెమ్మది రైలే, కానీ వారధి మీద ఇరుక్కున్నామన్న దిగులు ఉండదు.

ఏలూరు వారు గన్నవరం రావడం లాభమా?

కాదు. విశాఖకు వెళ్లడానికి నలభై కిలోమీటర్లు వెనక్కి రావడం ఎందుకు? ఏలూరులో రైలెక్కడమే మంచిది.

నేరుగా వెళ్లే విమానం దొరకకపోతే హైదరాబాద్ మీదుగా వెళ్లవచ్చా?

బుకింగ్ సైట్లు ఈ దారిని తరచుగా చూపిస్తాయి. గన్నవరం నుంచి శంషాబాద్ 264 కిలోమీటర్లు, శంషాబాద్ నుంచి విశాఖ 512 కిలోమీటర్లు. కలిపితే 776, అంటే సూటి దూరానికి రెండున్నర రెట్లకు పైన. తూర్పుకు వెళ్లాల్సిన మనిషి ముందు పడమరకు వెళ్లి, అక్కడ రెండు మూడు గంటలు కూర్చుని, మళ్లీ బయలుదేరిన ఊరికి ఉత్తరంగా ఎగిరి వెళ్లడం ఇది. మధ్యలో ఆగే సమయం తక్కువగా ఉన్నా ఇంటి నుంచి ఇంటికి ఏడు గంటలకు తగ్గదు. రైలులో సీటు దొరికే అవకాశం ఏ మాత్రం ఉన్నా ఈ టికెట్ కొనవద్దు.

పొగమంచు, తుఫాన్ల ప్రభావం ఎలా ఉంటుంది?

డిసెంబరు, జనవరి ఉదయాల్లో గన్నవరం చుట్టూ పంట పొలాల మీద పొగమంచు దట్టంగా పడుతుంది. అప్పుడు ముందుగా దెబ్బతినేది తెల్లవారుజామున రావాల్సిన విమానం. అది హైదరాబాద్ నుంచో, బెంగళూరు నుంచో వచ్చి ఇక్కడ దిగలేక గాలిలో చక్కర్లు కొడుతుంది, లేదా వెనక్కి పోతుంది. అదే విమానం తర్వాత విశాఖకు వెళ్లాల్సి ఉంటే, ఎండ కాసి ఆకాశం నిర్మలంగా ఉన్న పది గంటల వేళ కూడా మన ప్రయాణం ఆలస్యమవుతుంది. చలికాలంలో ముఖ్యమైన పని మీద వెళ్లేవారు మధ్యాహ్నపు విమానం చూసుకోవడం ఉత్తమం. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతం మీద ఒక కన్ను వేసి ఉంచాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు అక్కడి టెర్మినల్ బాగా దెబ్బతిని కొన్ని రోజుల పాటు విమానాలు నిలిచిపోయాయి.

విమానం రద్దయితే పరిహారం వస్తుందా? ప్రయాణ సమయానికి దానితో సంబంధం ఉందా?

ఉంది, చాలామందికి తెలియని సంబంధం. ముందస్తు సమాచారం ఇవ్వకుండా విమానం రద్దు చేస్తే ఇవ్వాల్సిన పరిహారాన్ని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనలు బ్లాక్ టైమ్‌ను బట్టి నిర్ణయిస్తాయి. బ్లాక్ టైమ్ గంట లేదా అంతకు లోపు ఉంటే 5,000 రూపాయలు, గంట దాటి రెండు గంటల వరకు ఉంటే 7,500 రూపాయలు. అయితే మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం ఇంతకంటే తక్కువగా ఉంటే ఆ తక్కువ మొత్తమే ఇస్తారు. గన్నవరం–విశాఖ ప్రయాణం సరిగ్గా గంట గీత మీద ఉంది. షెడ్యూల్‌లో గంట అని రాస్తే ఒక వర్గం, గంటా అయిదు నిమిషాలని రాస్తే ఇంకో వర్గం. తుఫాను, పొగమంచు లాంటి సంస్థ చేతిలో లేని కారణాలకు పరిహారం ఉండదు. టికెట్ డబ్బు వాపసు గానీ, మరో విమానంలో చోటు గానీ మాత్రం అడగవచ్చు. ఇంత చిన్న ప్రయాణానికి రెండు గంటలకు మించి ఆలస్యమైతే ఫలహారం ఇవ్వాల్సిన బాధ్యత కూడా సంస్థదే. ఎవరూ పిలిచి పెట్టరు, కౌంటర్ దగ్గరికి వెళ్లి అడగాలి.

రెండు ఊళ్ల మధ్య సమయంలో తేడా ఉందా?

గడియారంలో లేదు, సూర్యుడి లెక్కలో ఉంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది కాబట్టి, రెండున్నర డిగ్రీలు తూర్పున ఉన్న విశాఖలో మనకంటే దాదాపు పది నిమిషాల ముందు తెల్లవారుతుంది. భారత ప్రామాణిక కాలమానానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశం ఈ విమానం దారిని తుని దగ్గర దాటుతుంది.

కిటికీ పక్క సీటు ఏ వైపు తీసుకోవాలి?

విశాఖకు వెళ్లేటప్పుడు కుడి వైపు, అంటే ఎఫ్ సీటు. ఎక్కిన కాసేపటికి కొల్లేరు, దాని చుట్టూ గళ్లు గీసినట్టు చేపల చెరువులు ఆ వైపే కనిపిస్తాయి. ఆ తర్వాత ధవళేశ్వరం ఆనకట్ట, అక్కడి నుంచి గోదావరి పాయలుగా చీలి కోనసీమలోకి పోవడం కనిపిస్తుంది. రాజమహేంద్రవరం వంతెనలు దాదాపు విమానం కిందే పడతాయి కాబట్టి ఎటు కూర్చున్నా అదృష్టాన్ని బట్టి ఉంటుంది. చివర్లో సముద్రం కూడా కుడివైపే. ఎడమ వైపు తూర్పు కనుమలు ఉంటాయి, వర్షాకాలం తర్వాత అవీ బాగుంటాయి. తిరుగు ప్రయాణంలో ఎడమ వైపు, అంటే ఎ సీటు కోరుకోవాలి.

గన్నవరం నుంచి మిగతా ఊళ్లకు గగన దూరం ఎంత?

రాజమహేంద్రవరం 126, కడప 311, తిరుపతి 348, చెన్నై 397, బెంగళూరు 496 కిలోమీటర్లు. ఇక్కడ కడపను ప్రత్యేకంగా గమనించాలి. దూరం విశాఖకంటే ఇరవై కిలోమీటర్లే ఎక్కువ. కానీ నేల మీద విశాఖ వైపు ఉన్నంత చక్కని జోడు రైలు మార్గం, వెడల్పు రహదారి ఆ దిక్కున లేవు, మధ్యలో నల్లమల ఉంది. అందువల్ల విమానం ఉన్న రోజుల్లో కడప ప్రయాణికుడికి మిగిలే సమయం విశాఖ ప్రయాణికుడికి మిగిలే దానికంటే చాలా ఎక్కువ.

విమానాలు భోగాపురానికి మారితే ఈ లెక్కలు ఏమవుతాయి?

విజయనగరం జిల్లా భోగాపురం, విశాఖ నగరానికి ఈశాన్యంగా సుమారు 45 కిలోమీటర్ల దూరంలో ఉంది. గన్నవరం నుంచి ఆకాశ దూరం 330 కిలోమీటర్లకు చేరుతుంది. విమానానికి అదనంగా అయిదారు నిమిషాలు, అంతే. అయితే విమానాశ్రయం ఇప్పుడు నగరానికి ఇవతల ఉంటే, అది అవతల ఉంటుంది. మన ప్రయాణికుడు విశాఖ మీదుగా ఎగిరిపోయి, దిగి, గంట సేపు రోడ్డున వెనక్కి రావాలి. అప్పుడు బెంజి సర్కిల్ నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్‌కు వెళ్లే మనిషికి వందే భారత్‌తో పోలిస్తే మిగిలే ఆ గంటలో సగానికి పైగా హరించుకుపోతుంది. శ్రీకాకుళం, విజయనగరం వెళ్లేవారికి మాత్రం ఇది మేలైన మార్పు.

గన్నవరంలో సమయం కొంత తగ్గించుకునే మార్గం ఉందా?

ఉంది. వెబ్ చెక్-ఇన్ ముందు రోజే చేసుకుని, ఏడు కిలోల లోపు చేతి సామానుతోనే వెళ్తే కౌంటర్ దగ్గర ఆగే పని ఉండదు, విశాఖలో బెల్టు దగ్గర నిలబడే పనీ ఉండదు. గన్నవరంలో డిజి యాత్ర 2023 నుంచి అందుబాటులో ఉంది. ఫోన్‌లో ఆధార్‌తో నమోదు చేసుకుని బోర్డింగ్ పాస్ జత చేసుకుంటే ముఖం చూపించి లోపలికి వెళ్లవచ్చు. ఈ రెండూ కలిసి అరగంట దాకా మిగులుస్తాయి. అయినా గుర్తింపు కార్డు జేబులో ఉంచుకోవాలి. బోర్డింగ్ గేటు బయలుదేరే వేళకు సుమారు ఇరవై అయిదు నిమిషాల ముందు మూసేస్తారు కాబట్టి, లోపలికి వచ్చేశాం కదా అని కాఫీ దగ్గర కబుర్లలో పడకూడదు.